కొలత పీట

పీట మీద నిలబడ్డ మనిషి కదలకూడదు. ఆ కుట్టు కంపెనీలో ఈ మాట ఎవరూ గోడ మీద రాసి పెట్టలేదు, కానీ అందరికీ తెలుసు. కటింగ్ మాస్టారు పెదవుల మధ్య గుండుసూదులు కరిచిపట్టుకుని చుట్టూ తిరుగుతుంటే, పీట మీది మనిషి దగ్గకూడదు, తుమ్మకూడదు, ముక్కు మీద ఈగ వాలినా తోలుకోకూడదు. ఇంత బాగా నిలబడే మనిషి మరొకరు దొరకరు కాబట్టే ఆమెకి బొమ్మ అని పేరొచ్చింది. కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ఈ హాల్లో అడుగుపెట్టాక అది ఎవరి నోటా వినబడలేదు. ఆమెకి ఆ లోటూ తెలియలేదు.

బొమ్మ ఒంటి కొలతే ఆ కంపెనీకి మీడియం సైజు. ఏ కొత్త రకం బట్ట కుట్టినా ముందు ఆమె ఒంటికి తొడిగి, ఈ పీట మీద నిలబెట్టి, ఎక్కడ పట్టేసిందో ఎక్కడ జారిందో చూసుకుని, ఆ తర్వాతే వేలకి వేలు కత్తిరిస్తారు. పెళ్లైన కొత్తల్లో మొగుడి దగ్గర ఈ సంగతి చెప్పి మురిసిపోయేది. "నా నడుం కొలతకి బట్టలు కొనుక్కునేవాళ్లు లక్షల్లో ఉన్నారు తెలుసా" అనేది. "లక్షమంది ఉంటే ఉన్నారు, వండి పెట్టేది మాత్రం మా అమ్మొక్కతే కదా" అనేవాడు అతను.

ఆ సోమవారం పొద్దున ఆమె పీటెక్కేటప్పటికి కడుపులో బిడ్డకి ఐదు నిండి ఆరో నెల వచ్చింది. ఆ సంగతి అత్తకి తెలుసు, మొగుడికి తెలుసు, ఆస్పత్రి సిస్టరమ్మకి తెలుసు. కంపెనీలో మాత్రం పురుగుకి కూడా తెలియదని బొమ్మ నమ్మకం. ఆ నమ్మకాన్ని పట్టుకునే రెండు నెలలుగా నెట్టుకొస్తోంది.

"ఊపిరి వదులు" అన్నాడు మాస్టారు, సూదుల సందునుంచి.

బొమ్మ ఊపిరంతా వదిలేసింది. వీపు మీద జిప్పు పైకి పాకింది. గౌను కింద, ఒంటికి ఆనుకుని, జానెడు వెడల్పు ఎలాస్టిక్ పట్టీ రెండు చుట్లు బిగించి ఉంది. పొద్దున్నే కంపెనీ బాత్రూంలో గోడకి వీపానించి, పొట్ట లోపలికి పీల్చి, హుక్కు పెట్టుకుంటుంది. సాయంత్రం అక్కడే విప్పి సంచి అడుగున దాస్తుంది. విప్పిన ఆ క్షణంలో కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అవి నొప్పివో హాయివో ఆమెకే తెలియదు.

టేపు నడుం చుట్టూ వచ్చింది. సరిగ్గా అప్పుడే లోపల, పట్టీ కింద, బిడ్డ కదిలింది. చేపపిల్ల తోక ఆడించినట్టు, ఒకసారి, మళ్లీ ఒకసారి. ఇన్నాళ్లూ అయ్యుంటుందా కాదా అనుకున్నదే ఇవాళ స్పష్టంగా తెలిసింది. బొమ్మ చెయ్యి తనంతట తను పొట్ట దగ్గరికి పోబోతే, వేళ్లు ముడిచి ఆపుకుంది. మాస్టారు టేపు మీద వేలుంచి ఒక్క క్షణం ఆగాడు.

"సరిపోయింది" అన్నాడు చివరికి.

ఎదురుగా కుర్చీలో కూర్చున్న మేడమ్ తల ఊపింది. కంపెనీ ఆవిడదే. గట్టిగా మాట్లాడే మనిషి కాదు, ఎవర్నీ తిట్టిన మనిషీ కాదు. "ఒళ్లు చూసుకోవడమంటే మా బొమ్మని చూసి నేర్చుకోవాలి" అంది టీ తాగుతూ. "నెలాఖరుకి శాంపిళ్లన్నీ వెళ్లిపోవాలి. అందాకా నువ్వు ఇలాగే ఉండమ్మా, నాకదే పదివేలు."

ఆ మెచ్చుకోలుకి బొమ్మ ఎప్పట్లాగే పొంగిపోయింది. పొంగకేం చేస్తుంది. ఆమెకంటే ముందు ఈ పీట మీద నిలబడిన మనిషి నడుము రెండంగుళాలు పెరిగింది. మర్నాటినుంచీ ఆమె చోటు మెట్ల కింద దారాల బల్ల. కుట్టిన బట్టలకి వేలాడే దారపు కొసలు పొద్దస్తమానం కత్తిరిస్తూ కూర్చోవాలి. అక్కడ ఎవర్నీ ఎవరూ పేరు పెట్టి పిలవరు. పనుంటే "దారాలవాళ్లూ" అని అందర్నీ కలిపి ఒకే కేక వేస్తారు. బొమ్మ ఆ బల్ల దగ్గరినుంచే వచ్చింది. పీటెక్కిన రోజున మొదటిసారి హాలంతా తలెత్తి ఆమెని చూసింది. ఆ చూపు రుచి మరిగాక మెట్ల కిందికి మళ్లీ ఎలా పోవడం?

మధ్యాహ్నం గంట కొట్టగానే అత్త కట్టిచ్చిన డబ్బా తీసుకుని తిన్నగా అదే దారాల బల్ల దగ్గరికి వెళ్లింది. అన్నం, ఆకుకూర, ఉడికించిన గుడ్డు. తను రెండు ముద్దలు తిని, మిగతాది వాళ్ల మధ్యకి జరిపింది.

"మళ్లీ నువ్వు తినవూ?" అంది ఆ బల్ల దగ్గరున్న పెద్దావిడ.

"పొద్దున ఎక్కువైపోయింది అక్కా."

"మీ అత్త చెయ్యి మంచిదే. ఇంత పెట్టే అత్త అందరికీ దొరకదు" అంటూ ఆవిడ గుడ్డు మూడు ముక్కలు చేసి పంచింది. ఇంటికి ఖాళీ డబ్బా వెళ్తుంది, అత్త దాన్ని చూసి సంబరపడుతుంది. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు, ఆ బిడ్డ తిండి రోజూ నలుగురి కడుపుల్లోకి పోతోంది. తినేవాళ్లకి ఆ సంగతి తెలియదు పాపం.

బొమ్మకి అసలు భయం బుధవారం గురించి. కిందటి వారం ఆస్పత్రిలో బరువు చూసిన సిస్టరమ్మ ముఖం చిట్లించింది. "ఐదు నెలలకి ఒక్క కిలోనా? నువ్వేమన్నా ఉపవాసాలుంటున్నావా?" అని అడిగింది. నెలకి కాదు, వారానికే మళ్లీ రమ్మంది. "ఈసారి ఇంట్లో పెద్దవాళ్లని వెంటబెట్టుకురా" అని కూడా అంది. ఆ మాట మొగుడి ద్వారా చెవిన పడ్డప్పటినుంచీ అత్త వంటింట్లోనే మకాం పెట్టింది. "ఒక్క కిలోనా? నేను పెట్టింది పెట్టినట్టు తింటుంటే ఒక్క కిలో ఏమిటి? వాళ్ల మిషను పాడై ఉంటుంది. నేనొచ్చి తేలుస్తాను" అంటోంది.

ఇక్కడ టేపు పెరగకూడదంటుంది, అక్కడ బరువు మిషను ముల్లు పెరగాలంటుంది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో బొమ్మకి ఇన్నాళ్లకి తెలిసింది.

ఉపాయం మంగళవారం దొరికింది. పక్క హాల్లో కిటికీలకీ గుమ్మాలకీ పరదాలు కుడతారు. పరదా నిటారుగా జారడానికి దాని అడుగు అంచు మడతలో సీసం బిళ్లలు పెడతారు. పాడైపోయిన పాత పరదాల గుట్ట ఒకటి తలుపు పక్కన పడుంది, వాటి అంచుల్లో బిళ్లలు అలాగే ఉన్నాయి. సాయంత్రం అందరూ వెళ్లేదాకా ఆగి, బ్లేడుతో కుట్లు విప్పి, బిళ్లలు సంచిలో వేసుకుంది. ఒక్కోటీ అరచేతిలో తేలిగ్గానే అనిపించింది. ఎన్ని కావాలో లెక్క తెలియదు. తక్కువైతే మళ్లీ తిట్లు తప్పవని మరి నాలుగు గుప్పెళ్లు వేసుకుంది. ఇంటికెళ్లి, తన వదులు గౌను అంచు మడత విప్పి, రెండు వరసలుగా పేర్చి, చప్పుడు కాకుండా బిళ్లకీ బిళ్లకీ మధ్య టాకా వేసి కుట్టేసింది. కుట్టు చక్కగా వచ్చింది. పనిమంతురాలి కుట్టు కదా.

బుధవారం ఆస్పత్రి బెంచీ మీద అత్త కోడలి పక్కన జరుగు జరుగు అంటూ కూర్చుంది. చేతిసంచిలో పండ్లు, పాలసీసా. "పేరు పిలిచేలోగా ఈ పండు తిను. బరువులో కలుస్తుంది" అంది రహస్యంగా. తను ఏ తప్పు చేస్తోందో అదే తప్పు అత్త కూడా చేయబోతోందని బొమ్మకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. నడిచినప్పుడల్లా గౌను అంచు కాలి మడమలకి కొట్టుకుంటోంది.

పిలుపొచ్చింది. బొమ్మ బరువు మిషనెక్కింది. ముల్లు గిర్రున తిరిగి, ఊగి, ఆగింది. సిస్టరమ్మ వంగి చూసి, చేతిలోని కార్డు చూసి, మళ్లీ ముల్లు చూసింది.

"యాభై మూడు" అంది.

"చెప్పానా" అంది అత్త, గెలిచినట్టుగా. "పోయినసారి మీ మిషనే ఏదో అయ్యుంటుంది. వారంలో రెండు కిలోలు పెరిగింది నా కోడలు."

సిస్టరమ్మ నవ్వలేదు. అదే బొమ్మని కలవరపెట్టింది. మెచ్చుకుంటుందేమో, హమ్మయ్య అంటుందేమో అనుకుంది. ఆవిడ బొమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని, బొమ్మ పాదం ఒళ్లో పెట్టుకుని, మడమ పైన ఎముక మీద బొటనవేలు అదిమి పట్టింది. వదిలి, గుంట పడిందేమో చూసింది. రెండో కాలూ చూసింది. బొమ్మ గౌను అంచుని చేత్తో పక్కకి పట్టుకునే ఉంది.

"తలనొప్పి వస్తోందా?"

"లేదు."

"కళ్ల ముందు మెరుపుల్లాగా, మసకగా ఏమన్నా?"

"లేదు సిస్టర్."

"పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బినట్టుంటుందా? ఉంగరం బిగుసుకుంటోందా?"

చేతికి బీపీ పట్టీ చుట్టారు. ఆ పట్టీ బిగుస్తుంటే లోపల గుండె తలుపు బాదినట్టు కొట్టుకుంటోంది. అబద్ధం మోసుకొచ్చిన మనిషి బీపీ మామూలుగా ఎలా ఉంటుంది? గోరుచుట్టు మీద రోకటిపోటు, అది కూడా ఎక్కువే చూపించింది.

సిస్టరమ్మ లేచి నిలబడింది. గొంతు తగ్గించి, అత్త వైపు తిరిగి చెప్పింది. "పెద్దమ్మా, కంగారు పడకండి. వారంలో రెండు కిలోలు తిండితో వచ్చే బరువు కాదు. ఒంట్లో నీరు చేరుతున్నప్పుడు ఇలా ఒక్కసారిగా పెరుగుతుంది. బీపీ కూడా ఎక్కువుంది. అలాంటిది ముదిరితే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం. ఇవాళ ఇంటికి పంపను. రక్తం, మూత్రం పరీక్షకిచ్చి డాక్టరమ్మకి చూపిద్దాం. మంచం చూస్తాను."

అత్త చేతిలో పాలసీసా అలాగే ఉండిపోయింది. ఆవిడ ఏడవలేదు. బెంచీ మీద కూర్చుని, ఎవరితోనో లెక్క చెబుతున్నట్టు నెమ్మదిగా మొదలుపెట్టింది. "తప్పు నాదే సిస్టరమ్మా. వద్దత్తయ్యా అంటూనే ఉంది. నేనే వినలేదు. డబ్బాలో రోజూ ఒక గరిటె ఎక్కువే పెట్టాను. ఖాళీ డబ్బా చూసి మురిసిపోయాను. నా చేత్తో నేనే దాని ప్రాణం మీదికి తెచ్చాను."

"తిండి వల్ల రాదమ్మా ఇది..."

"మరి దేని వల్ల? ఇంట్లో వండేది నేనే కదా. ఇంకెవరు పెట్టారు దానికి?"

బొమ్మ లేచి మిషను పక్కన నిలబడింది. ఈ మనిషి తనని ఇంతవరకూ గట్టిగా ఒక్క మాట అనలేదు. కూరలో ఉప్పు తక్కువైందా అని అడిగి మరీ సరిచేసుకునే మనిషి. ఆవిడ ముఖంలో ఆ భయం చూడలేకపోయింది. పీట పోతే పోయింది, దారాల బల్లైతే అయింది, ఇది మాత్రం భరించడం తన వల్ల కాదనిపించింది.

"అది నీరు కాదు సిస్టర్" అంది. "సీసం."

ఇద్దరూ అర్థంకానట్టు చూశారు. బొమ్మ వంగి గౌను అంచు పైకెత్తి, పళ్లతో కుట్టు కొరికి లాగింది. బిళ్లలు నేల మీద టపటపా రాలి దొర్లాయి. ఒకటి బెంచీ కిందికి పోయింది. వరసలో కూర్చున్న గర్భిణులు ముందుకి వంగి చూశారు. సిస్టరమ్మ పరదా లాగి, ఆస్పత్రి గౌనొకటి అందించి, "గౌను మార్చుకుని మళ్లీ ఎక్కు" అంది.

ముల్లు ఈసారి యాభైన్నర దగ్గర ఆగింది. పోయిన వారం కంటే అరకిలో తక్కువ.

బల్ల మీద పడుకోబెట్టి పొట్ట చూసినప్పుడు, పట్టీ నొక్కుకుపోయిన గుర్తులు ఎర్రగా రెండు గట్లలా కనబడ్డాయి. పరదా లోపలికి వచ్చిన అత్త వాటిని చూసి ముఖం తిప్పుకుంది. సిస్టరమ్మ జేబులోంచి టేపు తీసింది. ఇక్కడా టేపేనా అనుకుంది బొమ్మ, అలవాటుగా ఊపిరి వదిలేసి పొట్ట లోపలికి పీల్చింది.

"అట్లా పీల్చకు" అంది సిస్టరమ్మ. "ఇక్కడ ఎక్కువుంటేనే మంచిది." టేపు కింది ఎముక దగ్గర పెట్టి పైకి కొలిచింది. "కాస్త తక్కువే ఉంది. మరీ తక్కువ కాదు." చిన్న యంత్రం పొట్టకి ఆనించి, అటూ ఇటూ జరిపి, ఒకచోట ఆపింది. గదిలో గబగబా పరిగెత్తే చప్పుడు వినబడింది. "ఇదుగో, గుండె. గట్టిగానే కొట్టుకుంటోంది. నీ అబద్ధాలు దీనికి అక్కర్లేదు, అన్నం కావాలి."

బొమ్మ అప్పుడు ఏడ్చింది. సిస్టరమ్మ ఏడవనిచ్చి, తర్వాత మెల్లగా చెప్పింది. "నిన్ను లావెక్కమని ఎవరూ అనట్లేదు. ఇద్దరి తిండి తినమనీ అనట్లేదు. ఇకనుంచి వారానికి అరకిలోకి కాస్త అటూ ఇటూగా పెరిగితే చాలు. అది నీ కొవ్వు కాదు. బిడ్డ, బిడ్డ చుట్టూ నీళ్లు, దాన్ని పోషించే రక్తం. ఒకేసారి కుక్కుకోకుండా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తిను. ఆ పట్టీ మాత్రం ఇంకొకసారి కట్టావంటే నేనొప్పుకోను." కాసేపయ్యాక బీపీ మళ్లీ చూస్తే మామూలుగా ఉంది. అయినా పరీక్షలకి రక్తం తీసుకుని, అవి బాగున్నాయని తేలాకే పంపించింది.

ఇంటికొచ్చి అత్త చేతులు కడుక్కుని, అన్నం కలిపి కంచం బొమ్మ ముందు పెట్టింది. ఎదురుగా కూర్చుంది.

"నా వంట నీకు నచ్చట్లేదా?"

"అయ్యో, కాదత్తయ్యా."

"మరి నా డబ్బా ఎవరికి పెట్టేదానివి?"

"దారాల బల్ల దగ్గర వాళ్లకి."

"వాళ్లకన్నా నచ్చిందా?"

"చాలా బాగుందనేవాళ్లు."

అత్త పెదవులు కాస్త కదిలాయి, నవ్వుగా మారకముందే ఆగిపోయాయి. "ఆ పీట మీద ఏముందే నీకు? బంగారం పోసి పెట్టారా?"

బొమ్మ చేతిలోని ముద్ద మళ్లీ కంచంలో పెట్టింది. "అందరూ చూస్తారత్తయ్యా" అంది. "దారాల దగ్గర ఎవరూ చూడరు." చెప్పాక అది ఎంత చిన్నమాటగా వినబడిందో ఆమెకే సిగ్గేసింది.

తలుపులకి పాలిష్ పట్టే పనినుంచి అప్పుడే వచ్చిన మొగుడు గుమ్మంలోనే నిలబడి అంతా విన్నాడు. "రేపే మానెయ్. నేను లేనా?" అన్నాడు.

"మానను" అంది బొమ్మ. "దాచను కూడా. మేడమ్‌కి నేనే చెబుతాను. ఆవిడ మంచిదే. కాన్పయ్యేదాకా ఇంకెవర్నన్నా నిలబెట్టుకుని, తర్వాత నన్ను రమ్మంటుంది. ఇన్నాళ్లు మాట పడకుండా చేశాను కదా, ఆ మాత్రం చూడదా?"

మొగుడు ఏదో అనబోతే అత్త చేత్తో ఆపింది. "ముందు తిననీ దాన్ని" అంది.

గురువారం పనికి వెళ్లలేదు. తిందామంటే లోపలికి పోదు. రెండు నెలలు ఎండగట్టిన పొట్ట నాలుగు ముద్దలకే నిండిపోతోంది. అత్త చిన్న గిన్నెలు తీసింది. ఒకసారి పాలు, ఒకసారి పప్పన్నం, ఇంకోసారి పండు, మళ్లీ గుడ్డు. ప్రతి గిన్నె పక్కనా కూర్చుని, ఖాళీ అయ్యేదాకా కదలకుండా చూసింది. మధ్యాహ్నం బొమ్మ పడుకుని మేడమ్‌తో ఎలా మాట్లాడాలో మనసులో కూడబలుక్కుంది. "మేడమ్, ఒక సంగతి దాచాను, తప్పైపోయింది" అని మొదలుపెట్టాలి. ఆవిడ ఆశ్చర్యపోతుంది. బహుశా కోప్పడుతుంది. తర్వాత, తనూ ఆడదే కదా, కరుగుతుంది. ఎన్నిసార్లు అనుకున్నా కథ అక్కడికే వచ్చి మంచిగా ముగుస్తోంది.

శుక్రవారం ట్రయల్. బొమ్మ పట్టీ లేకుండా పీటెక్కింది. సంచి పక్కన పెట్టింది. చెప్పాల్సిన మాట నాలుక చివర ఉంది గానీ, మాస్టారు అప్పటికే కొత్త గౌను తల మీదనుంచి దించేశాడు. చేతులు దూర్చింది. జిప్పు తుంటి దాటి పైకి వచ్చి, నడుం దగ్గర ఆగిపోయింది. మాస్టారు ఒకసారి లాగాడు. వదిలేశాడు.

"ఊపిరి వదలమ్మా" అన్నాడు, నేలకేసి చూస్తూ.

"వదిలినా పట్టదు మాస్టారూ."

హాల్లో దగ్గర్లోని మిషన్లు ఒకటొకటిగా ఆగాయి. కుర్చీలో కూర్చున్న మేడమ్ చేతిలోని బట్ట ముక్కల్నుంచి తలెత్తింది. బొమ్మని పైనుంచి కిందికి చూసింది. ఆవిడ ముఖంలో ఆశ్చర్యం లేదు. టీ చల్లారిపోయిందని చెబితే వచ్చేపాటి విసుగు మాత్రం వచ్చింది.

"ఇవాళ పట్టీ కట్టుకోలేదేం?" అంది.

బొమ్మకి మొదట ఆ మాట అర్థం కాలేదు. కూడబలుక్కున్న మాటలన్నీ నోట్లోనే ఉన్నాయి. పట్టీ గురించి ఈ హాల్లో ఏ ఒక్కరికీ ఆమె చెప్పలేదు. బాత్రూం గడియ రెండుసార్లు చూసుకుని మరీ కట్టుకునేది.

"మీకు... తెలుసా మేడమ్?"

"పద్దెనిమిదేళ్లుగా ఆడవాళ్ల నడుములు చూసి బతుకుతున్నాను. తెలియదా?" మేడమ్ గొంతు ఎప్పట్లాగే మెత్తగా ఉంది. "రెండు నెలలనుంచీ తెలుసు. బానే పట్టుకొస్తున్నావు కదా అని ఊరుకున్నా. ఇంకో మూడు ట్రయల్స్. ఆ తర్వాత నేనే చెప్పేదాన్ని, ఇంటికెళ్లి హాయిగా తినమని. ఈ మూడూ కట్టుకోలేవూ?"

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు ఇన్నాళ్లూ తానే అందర్నీ మోసం చేస్తున్నాననుకుంది బొమ్మ. అందరూ కళ్లు తెరుచుకునే ఉన్నారు. ఒళ్లు చూసుకోవడమంటే మా బొమ్మని చూసి నేర్చుకోవాలి అన్నప్పుడూ ఆవిడకి తెలుసు. ఇలాగే ఉండమ్మా అన్నప్పుడూ తెలుసు. ఇంతకుముందు మనుషుల మీద ఆమెకి కోపం వచ్చింది గానీ, ఇలాంటి కోపం ఎప్పుడూ రాలేదు.

"మాస్టారూ, మీకూ తెలుసా?"

మాస్టారు నోట్లోంచి సూదులు ఒకటొకటిగా తీసి, మణికట్టుకి కట్టుకున్న చిన్న దిండుకి గుచ్చుకుంటున్నాడు. అన్నీ అయిపోయాక తప్పలేదు. "టేపు కింద పట్టీ అంచు తగిలేది" అన్నాడు. "నువ్వు చెప్పలేదు కదా అని నేనూ అడగలేదమ్మా."

"బిడ్డ బరువు పెరగట్లేదట మాస్టారూ. ఆస్పత్రిలో చెప్పారు."

ఆయన ముఖం వాడిపోయింది. ఆయనకీ కూతుళ్లున్నారు. ఆ ముఖం చూసినా బొమ్మకి ఈసారి జాలి కలగలేదు.

"టేపు పెట్టండి" అంది. "ఊపిరి బిగబట్టను. మామూలుగా ఉంటాను. ఎంతుందో చెప్పండి."

ఆయన మేడమ్ వైపు చూశాడు. మేడమ్ బట్ట ముక్కల్లోకి తల దించుకుంది. ఆయన జిప్పు దించి, గౌను సర్ది, టేపు నడుం చుట్టూ తెచ్చాడు. బొమ్మ ఊపిరి పీల్చుకుంది, వదిలింది, మళ్లీ పీల్చుకుంది.

"ముప్పై ఒకటిన్నర" అన్నాడు, పెదవి కదిలీ కదలకుండా.

"వినబడేట్టు చెప్పండి."

"ముప్పై ఒకటిన్నర" అన్నాడు మాస్టారు. ఈసారి దారాల బల్ల దాకా వినబడింది.

మేడమ్ చేతిలోని బట్ట ముక్కలు పక్కన పెట్టింది. "సరే, అయిపోయిందిగా. దారాల దగ్గర కూర్చో. అక్కడైతే కూర్చునే పనే, నీకూ సుఖం." బొత్తాల బల్ల వైపు తిరిగి, కిటికీ పక్కన కూర్చున్న సన్నటి మనిషిని వేలితో పిలిచింది. "నువ్వు, ఇలా రా. మాస్టారూ, ఈమెని కొలవండి."

ఆ మనిషి దారం తుంచి, చీర సర్దుకుంటూ వచ్చి పీట పక్కన నిలబడింది. బొమ్మ దిగుతుందని చూస్తోంది.

బొమ్మ గౌను విప్పి మాస్టారి చేతికిచ్చింది. లోపల వేసుకున్న తన పాత చొక్కా కిందికి లాక్కుంది. సంచి అందుకుని, పీట మీదే కూర్చుంది. డబ్బా తీసి మూత తిప్పింది.

"భోజనాల గంట కాలేదు" అంది మేడమ్. "అయినా ఇక్కడ తినకూడదు, తెలుసు కదా. తెల్ల బట్టలున్నాయి."

"ఇన్నాళ్లూ తినకుండా ఉన్నది ఇక్కడే మేడమ్" అంది బొమ్మ. "ఇక్కడే తింటాను. తిని, దారాల దగ్గరికి వెళ్తాను."

ఎవరో మిషను మీద కాలు పెట్టి, నడపకుండా తీసేశారు. మేడమ్‌కి అరవడం అలవాటు లేదు, అరవకుండా చెప్పిన మాట వినకపోతే ఇక ఏం చేయాలో ఆవిడకి తెలిసినట్టు లేదు. మాస్టారు కటింగ్ బల్ల మీది తెల్లబట్ట తానును రెండు చేతులా ఎత్తి దూరంగా పెట్టాడు. కూజాలోంచి గ్లాసుడు నీళ్లు వంచి తెచ్చి, పీట పక్కన నేల మీద ఉంచాడు. బొమ్మ ఆయనకేసి చూడలేదు గానీ, గ్లాసు తీసుకుంది.

అన్నంలో కూర కలుపుకుంది. మొదటి ముద్ద గొంతులో అడ్డం పడింది. నీళ్లు తాగింది. రెండోది దిగింది. కొంచెం కొంచెంగా, సిస్టరమ్మ చెప్పినట్టే, నమిలి నమిలి తింటోంది. హాలంతా ఆమెనే చూస్తోంది. ఒకప్పుడు ఈ చూపుల కోసమే కదా అనుకుంది గానీ, ఇప్పుడు వాటి గురించి ఆలోచించేంత తీరిక లేదు. లోపల బిడ్డ కదిలింది. ఈసారి ఎడమచెయ్యి పొట్ట మీద వేసుకుని, తీయకుండా అలాగే ఉంచింది.

పక్కన నిలబడ్డ మనిషి బరువు ఒక కాలినుంచి ఇంకో కాలికి మార్చుకుంది. ఆమె కళ్లు డబ్బా మీద ఉన్నాయి. మెడ దగ్గర ఎముకలు తేలి ఉన్నాయి.

"పొద్దున ఏమన్నా తిన్నావా?" అని అడిగింది బొమ్మ.

ఆ మనిషి జవాబు చెప్పేముందు మేడమ్ వైపు చూసింది. బొమ్మ పీట మీద కాస్త జరిగి, ఆమె కూర్చోవడానికి చోటిచ్చింది.